డయాలిసిస్ గదిలో కాలం: 'అంకుల్ బూన్మీ', 'పలాస 1978' – ఉద్దానం నుంచి ఒక పఠనం

వ్యాస సంగ్రహం

2000 తర్వాత ప్రపంచ కళాత్మక చిత్రాలలో నిదాన కథనం ఒక ప్రధాన ధోరణిగా నిలిచింది. ఈ చిత్రాలపై తెలుగులో జరిగిన చర్చ చాలావరకు శిల్పం దగ్గర ఆగిపోయింది. థాయ్‌లాండ్ దర్శకుడు అపిచాత్‌పాంగ్ వీరాసేతకూల్ 2010లో తీసిన 'అంకుల్ బూన్మీ హూ కెన్ రికాల్ హిజ్ పాస్ట్ లైవ్స్' చిత్రాన్ని మూత్రపిండ వ్యాధి పీడిత ప్రాంతమైన ఉద్దానం అనుభవం నుంచి చదివే ప్రయత్నం ఈ వ్యాసంలో జరిగింది. కరుణకుమార్ దర్శకత్వంలో 2020లో వచ్చిన తెలుగు చిత్రం 'పలాస 1978' దీనికి తులనాంశం. మొదటి చిత్రం రోగకాలాన్ని చూపగలిగింది, రోగకారణాన్ని కర్మకు అప్పగించింది. రెండవది పీడనకు కారణాన్ని చూపింది, పీడితుడి దైనందిన కాలాన్ని చూపలేకపోయింది. కాలం, కారణం ఒకచోట కలిసిన కథనానికి నమూనా ఉత్తరాంధ్ర కథాసాహిత్యంలోనే, ముఖ్యంగా కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఉద్దానం, రోగకాలం, నిదాన కథనం, స్వతంత్ర చిత్రం, కర్మ, కారణం, యజ్ఞం.

1. ప్రస్తావన

శ్రీకాకుళం జిల్లా ఈశాన్య తీరంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమయిందని ప్రజల వాడుక. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల పల్లెలు ఈ పేరు కిందికి వస్తాయి. పచ్చదనం వల్ల పేరు పొందిన ఈ ప్రాంతం మూడు దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వల్ల వార్తలకెక్కుతోంది. మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేనివారికి, ముఖ్యంగా పొలం పనులు చేసుకునేవారికి, ఈ వ్యాధి సోకుతోంది. తాగునీరు, పురుగుమందులు, భారలోహాలు, ఎండలో శ్రమ వల్ల శరీరంలో నీరు తగ్గిపోవడం, జన్యు సంబంధమైన అంశాలు – ఇలా పలు కారణాలను పరిశోధకులు పరిశీలించారు. ఇదే కారణమని చెప్పగల నిర్ధారణ మాత్రం జరగలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలోనూ ఇటువంటి వ్యాధే కనబడుతుంది. ప్రభుత్వం పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించింది. ఉద్దానం పల్లెలకు వంశధార నీటిని అందించే పథకం కూడా ఆ సందర్భంలోనే మొదలైంది.

ఈ వ్యాధి గురించి తెలుగులో వార్తలు, నివేదికలు, ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో రోగి ఒక సంఖ్యగానో, ఒక ఛాయాచిత్రంగానో కనబడతాడు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి కాలం ఎలా గడుస్తుందో ఆ రచనలు చెప్పవు. చెప్పడం వాటి పని కూడా కాదు. ఆ పని సాహిత్యానిది, సినిమాది. దీర్ఘవ్యాధిలో గడిచే ఈ కాలాన్ని ఈ వ్యాసంలో 'రోగకాలం' అని వ్యవహరిస్తున్నాను. రోగకాలాన్ని తెరమీద చూపడం ఎలా, చూపినపుడు రోగకారణాన్ని ఏంచేయాలి అన్నవి ఈ వ్యాసం చర్చించే రెండు ప్రశ్నలు.

2. తెలుగు తెరమీద రోగం, స్వతంత్ర చిత్రాలు

తెలుగు సినిమాకు రోగం కొత్త వస్తువు కాదు. 'ప్రేమాభిషేకం' (1981)లో కథానాయకుడికి కాన్సర్. 'గీతాంజలి' (1989)లో నాయికానాయకులిద్దరూ మరణం అంచున ఉన్నవారే. ఈ చిత్రాలలో రోగం ఒక మలుపు. జబ్బు ఉందని తెలిసిన క్షణం నుంచి కథ వేగం మారుతుంది, ప్రేమ త్యాగంగా మారుతుంది, మరణం పతాక సన్నివేశం అవుతుంది. రోగం అక్కడ భావోద్వేగానికి ఆలంబనం. మందు వేసుకోవడం, నీళ్లు కొలిచి తాగడం, కాళ్లకు నీరు పట్టడం, ఆసుపత్రి వంతు కోసం కూర్చోవడం వంటివి కథకు పనికిరాని వివరాలుగా బయటే ఉండిపోతాయి. మూత్రపిండ వ్యాధి ఈ చట్రంలో ఇమడదు. అది ఒక మలుపు దగ్గర మొదలై ఒక దృశ్యంలో ముగిసేది కాదు. ఏళ్ల తరబడి ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతూ ఉండటమే దాని స్వభావం.

2000 తర్వాత తెలుగులో వచ్చిన స్వతంత్ర చిత్రాలు ఈ చట్రాన్ని కొంత సడలించాయి. చలం 'దోషగుణం' కథ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ డిజిటల్ పరికరాలతో తీసిన 'గ్రహణం' కొత్త దర్శకుడి తొలి చిత్రానికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ పురస్కారం పొందింది. రజనీష్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువులో భాగంగా తీసిన 'వనజ' 2006లో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శితమై, 2007 బెర్లిన్ చిత్రోత్సవంలో తొలి చిత్ర పురస్కారం అందుకుంది. వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో విశాఖలోని ఒక పేటలో అక్కడివారినే నటులుగా నిలిపాడు. తారలు లేకుండా, ఒక నిర్దిష్ట స్థలంలో, ఆ స్థలపు మనుషులతో, మాటలతో సినిమా తీయవచ్చని ఈ చిత్రాలు నిరూపించాయి. అయితే ఇవి స్థలాన్ని మార్చినంతగా కథనకాలాన్ని మార్చలేదు. సంఘటన వెంట సంఘటన నడిచే పద్ధతి చాలావరకు కొనసాగింది.

ఇదే కాలంలో ఆసియా దేశాల నుంచి వచ్చిన కళాత్మక చిత్రాలు కాలాన్నే ప్రధాన వస్తువుగా స్వీకరించాయి. చైనా దర్శకుడు జియా జాంగ్‌కే 'స్టిల్ లైఫ్' 2006లో వెనిస్ చిత్రోత్సవపు స్వర్ణసింహ పురస్కారం పొందింది. యాంగ్జీ నదిపై ఆనకట్ట వల్ల మునిగిపోతున్న ఫెంగ్జీ పట్టణంలో పదహారేళ్లుగా కనబడని భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఒక బొగ్గుగని కార్మికుడి కథ అది. గోడలు పడగొట్టే కూలీల సుత్తి దెబ్బలను మొత్తం వినేదాకా ఆ చిత్రం కదలదు. ఇటువంటి చిత్రాలు విదేశీ ఉత్సవాల కోసమే తయారవుతాయని, సామాన్య ప్రేక్షకుడికి విసుగు కలిగిస్తాయని మన విమర్శలో ఒక అభిప్రాయం ఉంది. దానిని ఇక్కడ తోసిపుచ్చను, ఒక నిర్దిష్ట ప్రేక్షకస్థానం నుంచి పరీక్షిస్తాను.

3. జబ్బును పనిగా చూపడం

'అంకుల్ బూన్మీ' 2010లో కాన్ చిత్రోత్సవపు అత్యున్నత పురస్కారం 'పామ్ డి ఓర్' పొందింది. ఆ గౌరవం పొందిన మొదటి థాయ్ చిత్రం ఇదే. ఈశాన్య థాయ్‌లాండ్‌లో చింతతోట, తేనెటీగల పెంపకం ఉన్న బూన్మీ అనే రైతు మూత్రపిండాలు పాడై చివరి రోజులలో ఉంటాడు. మరదలు జెన్, బంధువు టాంగ్ అతణ్ణి చూడటానికి వస్తారు. లావోస్ నుంచి వచ్చిన పనివాడు జాయ్ ఇంటి దగ్గరే అతనికి డయాలిసిస్ చేస్తుంటాడు. చనిపోయిన భార్య హువే, ఏనాడో అడవిలో తప్పిపోయిన కొడుకు బూన్సాంగ్ తిరిగి వస్తారు. చివరికి బూన్మీ ఒక గుహలో కన్నుమూస్తాడు. దర్శకుడి తండ్రి కూడా మూత్రపిండ వ్యాధితోనే మరణించాడు. దర్శకుడి తల్లిదండ్రులిద్దరూ వైద్యులు. ఈ చిత్రంలో వైద్యపరికరాల పట్ల కనబడే నిదానమైన చూపుకు ఆ నేపథ్యం ఉంది.

చిత్రంపై వచ్చిన విమర్శలో అధికభాగం ప్రేతం, వానరరూపం, పూర్వజన్మ, రాకుమారి-చేప కథల మీద కేంద్రీకృతమైంది. డయాలిసిస్ దృశ్యాలు ఆ విమర్శలో నేపథ్యం మాత్రమే. ఈ వ్యాసానికి అవే ప్రధానం. బూన్మీకి చేసేది పొట్ట ద్వారా చేసే డయాలిసిస్. పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా ద్రవాన్ని లోపలికి ఎక్కించి, కొంతసేపటి తర్వాత బయటికి తీస్తారు. జాయ్ కట్టు విప్పడం, గొట్టం కలపడం, సంచి దించడం కెమెరా దూరం నుంచి కదలకుండా చూస్తుంది. ఏడుపు లేదు, విషాద సంగీతం లేదు. ఒక మనిషి మరొక మనిషికి రోజూ చేసే పని అది. పశువుకు మేత వేయడం, తేనెపట్టు చూసుకోవడం ఎలాంటి పనులో డయాలిసిస్ కూడా ఆ ఇంట్లో అలాంటి పనే.

ఈ చిత్రాన్ని నేను మొదటిసారి ఒంటరిగా చూశాను. రెండవసారి పలాసకు సమీపంలోని మా ఊళ్లో, మూడేళ్లుగా డయాలిసిస్‌కు వెళుతున్న మా పెద్దమ్మతో కలిసి చూశాను. తెలుగు అనువాదం లేనందున మాటలను నేనే పక్కన కూర్చుని చెప్పాను. విసుగు కలిగించే చిత్రమని పేరున్న ఆ చిత్రంలో, విద్యావంతులైన ప్రేక్షకులు సైతం తొందరపడే దృశ్యం దగ్గర, ఆమె ముందుకు వంగి చూసింది. జాయ్ గొట్టం పట్టుకోగానే ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: "ఆ గుంటడు సేతులు కడుక్కున్నాడా నేదా?"

ఈ ప్రశ్నను నేను వ్యాసానికి అలంకారంగా చెప్పడం లేదు. అది ఒక విమర్శ వాక్యం. చేతులు శుభ్రంగా లేకపోతే క్రిములు సోకి ప్రాణం మీదికి వస్తుందని తెలిసిన మనిషికి ఆ నిదానదృశ్యం ఉత్కంఠభరితం. ఏమీ జరగడం లేదని ఒక ప్రేక్షకుడు అనుకునే చోట మరొక ప్రేక్షకురాలికి అన్నీ జరుగుతున్నాయి. నిదాన కథనం విసుగు కలిగిస్తుందా లేదా అన్నది చిత్రానికి మాత్రమే సంబంధించిన గుణం కాదని, ప్రేక్షకుడి జీవితానుభవంతో కలిసి తేలే విషయమని దీనివల్ల తెలుస్తుంది. ఒక్క ప్రేక్షకురాలి స్పందన నుంచి సాధారణ సూత్రం చేయలేం. కాని 'సామాన్య ప్రేక్షకుడికి పట్టదు' అనే సాధారణ సూత్రాన్ని సందేహించడానికి అది చాలు.

భేదం కూడా గుర్తించాలి. బూన్మీ తోట యజమాని. అతని వైద్యం అతని మంచం దగ్గరికి వస్తుంది. చేసేవాడు పొరుగు దేశపు వలస కూలీ. జెన్ మాటల్లో లావోస్ కూలీల పట్ల అనుమానం ధ్వనిస్తుంది. చిత్రం దానిని దాచలేదు, విస్తరించనూ లేదు. ఉద్దానంలో రోగి ఎక్కువ సందర్భాలలో తానే కూలీ, లేదా చిన్న రైతు. వైద్యం అతని దగ్గరికి రాదు. చేతికి ఫిస్టులా వేయించుకుని, తెల్లవారకముందే లేచి, ఆటోలోనో బస్సులోనో పలాస, సోంపేట, టెక్కలి కేంద్రాలకు వెళ్లి రావాలి. తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. బూన్మీ రోగకాలంలో ప్రయాణం లేదు, వరస లేదు, పోయిన కూలి లేదు. ఉద్దానపు రోగకాలంలో సగం అవే.

4. అన్నాల వేళ వచ్చినవారు

చిత్రంలో ప్రసిద్ధమైన దృశ్యం రాత్రి భోజనం. వరండాలో బల్ల చుట్టూ కూర్చుని తింటున్నవారి మధ్య, ఖాళీ కుర్చీలో హువే రూపం మెల్లగా తేలుతుంది. కాసేపటికి ఎర్రని కళ్లతో, ఒళ్లంతా జుట్టుతో బూన్సాంగ్ మెట్లెక్కి వస్తాడు. మొదటి ఉలికిపాటు తీరాక ఎవరూ పారిపోరు. జుట్టు ఇంతగా ఎందుకు పెంచావని జెన్ అతణ్ణి అడుగుతుంది. తర్వాత పాత ఫొటోలు చూసుకుంటారు.

పాశ్చాత్య విమర్శకులు ఈ దృశ్యాన్ని విచిత్రమని, స్వప్నసదృశమని వర్ణించారు. మా పెద్దమ్మ స్పందన వేరు: "బోజనాలేల ఒచ్చింది, కంచం ఎట్టరేటి?" ఉత్తరాంధ్రలో సంక్రాంతి పెద్దల పండుగ. చనిపోయినవారి పేరున కొత్త బట్టలు పెట్టి, వండినవి వడ్డించి, వారు తిన్నాక మిగిలినవారు తినడం ఇళ్లలో ఆనవాయితీ. చనిపోయినవారు అన్నాల వేళకు వస్తారన్నది ఈ ప్రేక్షకురాలికి అద్భుతం కాదు, మర్యాదకు సంబంధించిన విషయం. ఏ చిత్రాన్ని మనం 'విదేశీ కళాత్మక చిత్రం' అని దూరం పెడతామో, దాని లోకజ్ఞానం చాలా తెలుగు చిత్రాల లోకజ్ఞానం కంటే ఉద్దానపు ఇంటికి దగ్గరగా ఉంది.

ప్రేతాలు స్థలాలను అంటిపెట్టుకుని ఉండవని, మనుషులను, అందులోనూ బతికి ఉన్నవారిని అంటిపెట్టుకుని ఉంటాయని హువే ఒకచోట అంటుంది. బూన్మీకి డయాలిసిస్ చేసే పనిలో ఆమె కూడా చేయివేస్తుంది. చివరికి గుహలో గొట్టం వదిలి ద్రవం నేలమీద పారేలా చేసేది ఆమే. ప్రేతం ఇక్కడ భయానకరసానికి ఆలంబనం కాదు, సేవ చేసే మనిషి. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఈ జబ్బుతో పోయిన కుటుంబాలు ఉద్దానంలో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇప్పటి రోగిని చూసుకునే పద్ధతి ముందు పోయినవారిని చూసుకున్నప్పుడు నేర్చుకున్నదే. ఆ అర్థంలో హువే పాత్ర కల్పన కాదనిపిస్తుంది.

5. కర్మ ఒక సమాధానమా?

ఇంతవరకు చిత్రానికీ ఉద్దానానికీ గల సామీప్యం చూశాం. దూరం మొదలయ్యే చోటు ఒకటుంది. చింతతోటలో కూర్చుని బూన్మీ తన జబ్బుకు కారణం తన కర్మ అంటాడు. తాను చాలామంది కమ్యూనిస్టులను చంపాడు, తోటలో లెక్కలేనన్ని పురుగులను చంపాడు. దేశం కోసమే కదా చంపావని జెన్ సర్దిచెబుతుంది.

ఈ చిన్న సంభాషణ వెనుక చరిత్ర ఉంది. ఈ చిత్రం దర్శకుడు చేపట్టిన 'ప్రిమిటివ్' అనే విస్తృత కళాప్రణాళికలో భాగం. ఆ ప్రణాళికకు కేంద్రం నఖోన్ ఫనోమ్ రాష్ట్రంలోని నబువా గ్రామం. 1965 ఆగస్టులో థాయ్ ప్రభుత్వ బలగాలకు, కమ్యూనిస్టులకు మధ్య తొలి కాల్పులు ఆ గ్రామంలోనే జరిగాయి. తర్వాత ఏళ్ల తరబడి సైన్యం ఆ ఊరిమీద అణచివేత సాగించింది. చిత్రం చివరి భాగంలో బూన్మీ చెప్పే భవిష్యత్తు కలలో, మనుషులను మాయం చేయగల ఒక అధికారం కనబడుతుంది. ఆ మాటలకు జతగా యువసైనికుల నిశ్చలచిత్రాలు తెరమీద వస్తాయి.

పలాస మండలంలోని బొడ్డపాడు గ్రామం పేరు తెలిసిన పాఠకుడికి ఈ సాదృశ్యం వెంటనే స్ఫురిస్తుంది. నబువాకు కొద్ది ఏళ్ల తర్వాత శ్రీకాకుళ ఉద్యమం ఈ నేలమీద నడిచింది. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి 1969 మేలో, ఆ ఊరి గుడిలో అర్చకుడై జముకుల కథను ఉద్యమ ప్రచారానికి మలచిన సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించారు. వారి స్మృతి ఆ ఊళ్లో స్తూపంగా నిలిచింది. ఒకే దశకం, ఒకే రకం అణచివేత, తర్వాతి తరంలో అదే అవయవానికి జబ్బు. అయితే స్మృతి దిశ వేరు. బూన్మీ చంపినవారి వైపు నిలబడి జ్ఞాపకం చేసుకుంటాడు. ఉద్దానం చనిపోయినవారి వైపు నుంచి జ్ఞాపకం చేసుకుంటుంది. బూన్మీకి కర్మ ఒప్పుకోలు. అధికారిక చరిత్ర ఒప్పుకోని నేరాన్ని ఒక ముసలి రైతు తన శరీరం మీద చదువుకుంటున్నాడు. ఆ మేరకు థాయ్ సందర్భంలో ఆ మాటకు రాజకీయశక్తి ఉంది.

అదే మాటను ఉద్దానానికి తెస్తే అర్థం తలకిందులవుతుంది. కారణం తేలని జబ్బుకు కర్మను కారణంగా చెప్పడం ఇక్కడ ఒప్పుకోలు కాదు, రోగిమీద మోపే నేరం. 'మా కర్మ' అని రోగి తనంతట తాను అనడం వేరు, కళ ఆ మాటను సమాధానంగా అంగీకరించడం వేరు. పురుగుల ప్రస్తావననే తీసుకుందాం. బూన్మీకి పురుగులను చంపడం పాపం. ఉద్దానంలో పురుగులను చంపే మందు పరిశీలనలో ఉన్న కారణాలలో ఒకటి. నిర్ధారణ కాకపోయినా, అది నీటిని పరీక్షించమని, మందుల వాడకాన్ని లెక్కగట్టమని అడిగే ప్రశ్న. ఒకే చర్య ఒకచోట నైతికకారణంగానూ, మరొకచోట భౌతికకారణంగానూ కనబడుతోంది. మొదటిదానికి ప్రశాంతంగా మరణించడం జవాబు కావచ్చు. రెండవదానికి కాదు. బూన్మీ మరణంలోని ప్రశాంతత ఎంత సుందరమైనదైనా ఉద్దానం దానిని అరువు తెచ్చుకోలేదు. కారణం తెలియకపోవడం ఇక్కడ తాత్త్విక రహస్యం కాదు, పూర్తికాని పని.

6. 'పలాస 1978': కారణం ఉంది, కాలం లేదు

కారణాన్ని వెతికే చిత్రం కోసం ఇక్కడి నేల మీదికే రావాలి. కరుణకుమార్ తొలి చిత్రం 'పలాస 1978' 2020 మార్చిలో విడుదలైంది. రక్షిత్, తిరువీర్ నటించిన మోహనరావు, రంగారావు అన్నదమ్ములు జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన దళితులు. జీడి వ్యాపారానికి పేరుపడ్డ పట్టణంలో షావుకార్లు తమలో తాము పోరాడుకుంటూ ఈ అన్నదమ్ముల బలాన్ని వాడుకుంటారు. అవసరం తీరాక వారినే ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పుతారు. కులం, వ్యాపారం, రాజకీయం ఒకదానికొకటి ఎలా ఊతమిస్తాయో ఈ చిత్రం సూటిగా చెప్పింది. ఉత్తరాంధ్ర మాండలికాన్ని హాస్యపాత్రల నోటి నుంచి తప్పించి నాయకుడి నోట ఉంచింది. ఇక్కడి పాటకు, చిందుకు తెరమీద గౌరవస్థానం ఇచ్చింది. తెలుగు ప్రధానస్రవంతిలో ఇవి చిన్న విషయాలు కావు.

చిత్ర కథాకాలానికి మూత్రపిండ వ్యాధి వస్తువు కాదు. అది లేదని తప్పుపట్టడం విమర్శ అనిపించుకోదు. నేను గమనించదలచినది కథనకాలాన్ని. అవమానం, దెబ్బ, ప్రతీకారం, ద్రోహం అనే గొలుసుకట్టు మీద చిత్రం నడుస్తుంది. శరీరం ఇందులో కొట్టే శరీరం, కొట్టించుకునే శరీరం. పలాస, కాశీబుగ్గలను నిలబెట్టిన శరీరం మరొకటి ఉంది. జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసే శరీరం అది. అందులో స్త్రీలదే పెద్ద పాలు. పిక్క తొక్కలోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. వేళ్లమీద ఆ మరక ఒక్కరోజులో పడేది కాదు, ఒక్కరోజులో పోయేది కాదు. ప్రతీకార కథనం ఈ శరీరాన్ని ఎక్కువసేపు చూడలేదు. మరక పడటం సంఘటన కాదు, కాలం గడవడం.

కనుక రెండు చిత్రాలూ పరస్పర పూరకాలు. 'అంకుల్ బూన్మీ' కాలాన్ని ఇచ్చి కారణాన్ని కర్మలోకి జారవిడిచింది. 'పలాస 1978' కారణాన్ని పట్టుకుని కాలాన్ని సంఘటనల వేగానికి అప్పగించింది. నిదానం కళాత్మక చిత్రానిది, సామాజిక కారణం జనసామాన్య చిత్రానిది అనే విభజనను సహజమైనదిగా తీసుకుంటే ఇక్కడితో ఆగిపోవాలి. ఆ విభజన సహజమైనది కాదనడానికి ఈ ప్రాంతపు సాహిత్యమే సాక్ష్యం.

7. 'యజ్ఞం' చూపిన దారి

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథను దాని ముగింపు వల్ల, కన్నకొడుకును తండ్రి చంపిన ఆ చివరి ఘట్టం వల్ల గుర్తుంచుకుంటాం. దానిపై వెలువడిన చర్చ కూడా చాలావరకు ఆ ముగింపు చుట్టూనే తిరిగింది. కథ నిడివిలో అధికభాగం మాత్రం ఒక పంచాయితీ. అప్పల్రాముడి అప్పు తేల్చడానికి సుందరపాలెం ఊరిజనం కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. పాఠకుడు కూడా ఆ జనంలో ఒకడై కూర్చుని వినాలి. ఆ నిదానం శిల్పలోపం కాదు. అప్పు ఒక్కరోజులో పెరగలేదు కాబట్టి అది ఎలా పెరిగిందో చెప్పడానికి పట్టే కాలం కథలో తగ్గించడానికి వీల్లేదు. ఊరి అభివృద్ధి ఎవరికి అప్పుగా పరిణమించిందో ఆ సుదీర్ఘ విచారణలోనే బయటపడుతుంది.

ఇది నిదాన కథనమే. అయితే దీని నిదానం ధ్యానం కోసం కాదు, విచారణ కోసం. సీతారాముడి చివరి చర్య మనల్ని దిగ్భ్రాంతి పరిచేది అంతకు ముందు ఆ కాలమంతా మనం కూర్చుని గడిపాం కాబట్టే. కర్మ అనుకుని తలవంచుకునే అవకాశం ఉన్న మనిషిని కథ కారణం ముందు నిలబెట్టింది. పాశ్చాత్య విమర్శ 2000 తర్వాత ఒక పేరుపెట్టి చర్చించిన కథనపద్ధతికి ఉత్తరాంధ్ర కథ 1960లలోనే మరొక ప్రయోజనం కనిపెట్టింది. ఇందులో ముందు ఎవరు, వెనుక ఎవరు అన్న పోటీ లేదు. ప్రపంచ చిత్రాలను చూసే తెలుగు విమర్శకుడి చేతిలో ఉండవలసిన కొలమానం అతని సాహిత్యంలోనే ఉందని మాత్రమే నా ప్రతిపాదన.

ఈ కొలమానంతో చూస్తే ఉద్దానపు రోగకాలాన్ని చెప్పబోయే చిత్రానికి, నవలకు కొన్ని లక్షణాలు ఊహించవచ్చు. అది 'అంకుల్ బూన్మీ' వలె సేవను పనిగా చూపాలి. యంత్రం పక్కన గడిచే నాలుగు గంటలను నాలుగు క్షణాలుగా కుదించకూడదు. చనిపోయినవారికి పంక్తిలో చోటివ్వాలి. 'పలాస 1978' వలె ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉందో చెప్పాలి. బస్సు చార్జీ, పోయిన కూలి, అమ్మిన కొబ్బరితోట, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చెట్లు ఆ కాలంలో భాగం కావాలి. 'యజ్ఞం' వలె, కారణం తేలేదాకా సభ చాలించకూడదు.

8. ముగింపు

ప్రపంచ కళాత్మక చిత్రాలను తెలుగు విమర్శ రెండు విధాలుగా స్వీకరించింది: ఒకటి ఆరాధన, రెండవది నిరాకరణ. రెండింటిలోనూ చూసే మనిషి స్థలం కనబడదు. ఒక నిర్దిష్ట స్థలం నుంచి చూసినపుడు చిత్రంలోని గుణదోషాలు స్థానం మార్చుకుంటాయని ఈ పరిశీలన వల్ల తేలింది. విసుగనుకున్న దృశ్యం ఉత్కంఠ అయింది. అద్భుతమనుకున్నది ఆచారమైంది. సౌందర్యమనుకున్న ప్రశాంతత ప్రశ్నార్థకమైంది.

చిత్రం ముగిశాక, బూన్మీ గొట్టం వదిలేసిన గుహదృశ్యం గురించి మా పెద్దమ్మను అడిగాను. ఆమె దానిపై ఏమీ అనలేదు. మరునాడు తన డయాలిసిస్ రోజని, తెల్లవారే బస్సు తప్పకూడదని గుర్తుచేసింది. బూన్మీ కథ ముగిసిన చోట ఆమె కథ ముగియలేదు. ఉద్దానపు కథనం ఆ బస్సు దగ్గర నుంచి మొదలు కావాలి.